మొహమాటాన్ని మోసిన పెట్టె

నేను ఒక థర్మాకోల్ పెట్టెని. తెల్లగా, తేలిగ్గా ఉంటాను. గోరు తగిలితే గింజలు గింజలుగా రాలుతాను. నన్ను చూడగానే మీరు ముక్కు మూసుకుంటారని తెలుసు. పర్వాలేదు, మీ మీద నాకున్న అభిప్రాయమూ అంతంత మాత్రమే.

పుట్టింది విశాఖపట్నం శివార్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో. ఆవగింజలంత తెల్ల పూసల్ని అచ్చులో పోసి ఆవిరి పట్టారు. అవి ఉబ్బి, ఒకదాన్నొకటి కరుచుకుని నేనయ్యాయి. మొదటి కొలువు ఫిషింగ్ హార్బర్లో. ఐసు ముక్కల మధ్య రొయ్యల్ని పేర్చి, మూత పెట్టి, టేపు చుట్టి లారీ ఎక్కించేవారు. చచ్చిన రొయ్యల కోసం ఆ డ్రైవర్లు పడే ఆత్రం చూసి తీరాలి. టీకి కూడా బండి ఆపేవారు కాదు. అది చూసి మనుషులందరూ ఇంతే కాబోలనుకున్నాను. అప్పటికి నాకు ఫణిభూషణరావు తెలియడు.

మూల కొంచెం విరిగాక నన్ను గోడ పక్కన పారేశారు. అక్కడి నుంచి ఏరి తెచ్చి, వాసన పోయేదాకా తోమి, డాబా మీద ఆరబెట్టిన మనిషి హైమవతి. ఫణిభూషణరావు భార్య. ఆయన బ్యాంకు ఆఫీసరు. వచ్చినవాళ్ళు నోరు తెరిచి చూడాలని హాల్లో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టించాడు. ఆ ముచ్చట తీరడానికి రెండు నెలలు కూడా పట్టలేదు. తర్వాత రోజూ నీళ్ళలో ఉప్పు సరిచూసిందీ, నాచు గీకిందీ, కరెంటు పోతే గాలి ఆడేలా గరిటెతో నీళ్ళు తిప్పిందీ ఆవిడే. అందులో నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేపల జంట ఒకటి ఉండేది. ఒక కోరల్, అంటే సముద్రపు పగడం, ఉండేది. అదీ ప్రాణమున్న జీవమేనని ఆవిడ ఎంత చెప్పినా, ఆయన వచ్చినవాళ్ళకి దాన్ని 'మొక్క' అనే చూపించేవాడు.

ఇంతలో హైదరాబాదుకి బదిలీ. హైమవతికి బదిలీలు కొత్త కాదు. ఒక ఊళ్ళో పెంచుకున్న కుక్కని పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. ఇంకో ఊళ్ళో పూలమొక్కలన్నీ వదిలేసింది. నెల్లూర్లో ఉండగా దొరికిన బడి ఉద్యోగం కూడా అలాగే వదులుకుంది. ప్రతిసారీ ఆయన "అక్కడ మళ్ళీ చూద్దాంలే" అనేవాడు. ఈసారి ఆవిడ ఒప్పుకోలేదు.

"వీటిని ప్రాణాలతో తీసుకెళ్ళి తీరతానండీ. ఈ ఒక్కటీ నా మాట వినండి" అంది.

ఆయన తలూపాడు. తలూపడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఆవిడ పనంతా పద్ధతిగా చేసింది. కడుపులో ఏమీ లేకపోతే సంచిలో నీళ్ళు పాడవవని చేపలకి రెండ్రోజులు మేత ఆపింది. తొట్టె నీళ్ళే పట్టి, పైన ఆక్సిజన్ నింపించి, జంటని ఒక సంచిలో, కోరల్‌ని వేరే సంచిలో కట్టింది. దారిలో అవసరపడితే మార్చడానికి అదే నీళ్ళు రెండు టిన్నులు డిక్కీలో పెట్టించింది. సంచుల్ని నాలో సర్ది, కారు వెనక సీట్లో నా పక్కన కూర్చుంది.

"దారిలో ఆగొద్దు. సంచి విప్పొద్దు. ఏమీ పెట్టొద్దు. పెడితే ఆ నీళ్ళే వాటికి విషమవుతాయి, గుర్తుందిగా?"

"అన్నీ గుర్తున్నాయి, ఎన్నిసార్లు చెబుతావు?" అన్నాడాయన.

అన్నవరం కొండ కనబడగానే కారు ఆగింది. స్వామిని చూడకుండా ఎలా పోతామన్నాడు. దర్శనం చేసుకుని ఆకుల్లో కట్టిన ప్రసాదం పొట్లాలతో దిగి వచ్చాడు. బండి కదిలిందో లేదో రాజమండ్రి నుంచి ఫోను. వాళ్ళమ్మ అక్కగారు, వేంకటరత్నమ్మ. మేం ఆ దారినే వెళ్తున్నామని ఆవిడకి ఎవరు చెప్పారనుకున్నారు? ఆయనే, ముందురోజే చెప్పుకున్నాడు.

"మా ఊరి మీదుగా వెళ్తూ మొహం చాటేస్తావేంట్రా? విస్తళ్ళు వేసేశాను" అందావిడ.

చచ్చిన సరుకు కోసమే ఎక్కడా ఆగని బండ్లలో తిరిగినదాన్ని, బతికున్నవాటిని మోస్తూ పనసపొట్టు కూర కోసం ఆగాను. కారు ఎండలో కాగిపోతోందని నన్ను హాల్లోకి తెచ్చారు. భోజనాలయ్యాయి. బీరువాలో చీరలున్నాయి, నచ్చింది తీసుకుని బొట్టు పెట్టించుకోమంటూ వేంకటరత్నమ్మ మనవరాలు హైమవతిని లోపలి గదిలోకి లాక్కెళ్ళింది. హాల్లో ఫణిభూషణరావు, పెద్దావిడ, నేను మిగిలాం. ఆవిడ ముచ్చటపడి నా మూత తీసింది.

"ఎంత బావున్నాయిరా, పసుపూ కుంకం అద్దినట్టు! వీటికేం పెట్టావు?"

"ఏం పెట్టలేదు దొడ్డమ్మా. రెండ్రోజులై..."

"రెండ్రోజులా! నోరులేని జీవాల్ని పస్తు పెట్టావా? నా గుమ్మం తొక్కినవి ఆకలితో వెళ్తాయా, నేను బతికుండగా?"

చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. పెడితే చస్తాయి దొడ్డమ్మా. పసిపిల్లాడు కూడా అనగలడు. ఆయన నోరు తెరిచాడు, నవ్వాడు, "అది కాదు దొడ్డమ్మా" అన్నాడు, ఊరుకున్నాడు. ఆవిడ ఈలోగా చేపల సంచికి బిగించిన రబ్బరు బ్యాండు లాగేసింది. హైమవతి నింపించిన ఆక్సిజన్ తుస్సుమని పోయింది. ఆయన తెచ్చిన పొట్లమే విప్పి, చిటికెడు ప్రసాదం నీళ్ళలో వేసింది.

"స్వామి ప్రసాదం, ఏం చేస్తుందిరా!"

స్వామికి ఇందులో ఏ పాత్రా లేదని నేను సాక్ష్యం చెప్పగలను. రవ్వ అడుక్కి దిగింది. నెయ్యి పైన తెట్టులా పరుచుకుంది. ఆకలి మీదున్న చేపలు తిన్నాయి. "చూశావా, ఎంత ఆకలో!" అని ఆవిడ కళ్ళొత్తుకుంది. లోపలి నుంచి హైమవతి అడుగుల చప్పుడు వినగానే ఫణిభూషణరావు గబగబా బ్యాండు బిగించి, మూత పెట్టి, వేళ్ళు జేబురుమాలుకి తుడుచుకున్నాడు.

మీరు దీన్ని మొహమాటం అంటారు, మంచితనంలో జమ కడతారు. నేను దగ్గర్నుంచి చూశాను. అది పిరికితనం, ఇంకేమీ కాదు.

అక్కడి నుంచి హైదరాబాదు దాకా ఎంత దారి! ఏ చెట్టు కింద ఆగి ఒక్క మాట చెప్పినా హైమవతి నీళ్ళు మార్చేది. టిన్నులు డిక్కీలోనే ఉన్నాయి. ఆయన చెప్పలేదు. బదులుగా కారు వేగం పెంచాడు.

"పోన్లెండి, ఇప్పటికి వీటి మీద శ్రద్ధ కలిగింది మీకు" అని ఆవిడ మురిసిపోయింది. ఆ మెప్పు కూడా ఆయన సిగ్గులేకుండా పుచ్చుకున్నాడు.

నాలో నీళ్ళు చిక్కబడ్డాయి. ముందు చిన్న చేప పక్కకి ఒరిగింది. పెద్దది దాన్ని మూతితో పొడుస్తూ, పైకి నెడుతూ చాలాసేపు తిరిగింది. సూర్యాపేట దాటాక అదీ ఆగిపోయింది. నాకు చేతనైంది ఎండ వేడి లోపలికి రాకుండా చూడటం ఒక్కటే. అది చేశాను. చాలా బాధపడ్డాను. పైన మూత మీద హైమవతి చెయ్యి అలాగే ఉంది, ఇల్లు చేరేదాకా.

కొత్త ఇంట్లో ఆ రాత్రి హైమవతి నా మూత తీసింది. మొదట ఆవిడకి అర్థం కాలేదు. సంచి ఎత్తి లైటు వెలుగులో పట్టుకుంది. మజ్జిగలా విరిగిన నీళ్ళు, పక్కలకి వాలిన రెండు చేపలు. తర్వాత అడుగున ఉన్నది కనబడింది.

"ఏమండీ, ఇందులోకి రవ్వ ఎలా వచ్చింది?"

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తప్పించుకునే దారి దొరికినట్టు ఆయన దాన్ని అందుకున్నాడు. పెద్దావిడ గొంతు గదంతా వినబడింది.

"చేరారా నాయనా? చేపలెలా ఉన్నాయి?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి దొడ్డమ్మా. ఈదుతున్నాయి."

"మరి! నేను పెట్టిన ప్రసాదం కడుపులో పడింది కనకే కదా!"

హైమవతి ఆయన వైపు చూసింది. సంచి కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఫోను తీసుకుంది.

"అత్తయ్యగారూ, రెండూ చచ్చిపోయాయి. పెట్టింది పడక చచ్చిపోయాయి. మీ తప్పు లేదు, మీకు తెలీదు. ఈయనకి తెలుసు."

అవతల వినబడింది ఏడుపో కోపమో నాకు తెలియలేదు.

"తెలుసా వాడికి? తెలిస్తే నా చెయ్యి పట్టుకుని ఆపొద్దూ వెధవ! వద్దంటే అలిగి కూర్చోడానికి నేనేమన్నా రాకాసినా?"

హైమవతి ఫోను బల్ల మీద పెట్టేసింది. ముడుచుకుపోయినా ఇంకా ప్రాణం ఉన్న కోరల్ సంచిని రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆయన వెనకే రెండడుగులు వేశాడు. తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున చేపల్ని కాగితంలో చుట్టి నాలో పెట్టి, అపార్టుమెంటు వెనక చెత్తకుప్ప మీద దించాడు ఫణిభూషణరావు. వెంటనే వెళ్ళలేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నాతో మాట్లాడాడు.

"ఎవర్నీ నొప్పించకూడదనే కదా నేను..."

ఆ 'ఎవర్నీ'లో హైమవతి ఏనాడూ లేదు. ఆ మాటే అతని మొహాన అందామంటే నాకు నోరు లేదు. నోరున్నవాడు దాంతో ఏం చేశాడో చూశాను కనక, అదేమంత లోటుగా అనిపించలేదు.