పన్నెండుమంది మగవాళ్ళు

సభలో తన బిల్లు మీద ఓటింగు జరిగే రోజు పొద్దున కూడా ఆర్డెల్ ప్రూయిట్ మొక్కజొన్న రొట్టెలు చేసి, అత్తగారి మధ్యాహ్నం భోజనం మీద మూతపెట్టి, మొగుడు హాయిట్ చొక్కా ఇస్త్రీ చేసే బయలుదేరింది. అమెరికాలోని అలబామా రాష్ట్ర శాసనసభలో ఉన్న ఒక్కగానొక్క ఆడమనిషి ఆమె.

"నువ్వు చట్టాలు చెయ్యి, నేనొద్దన్నానా? కాలరు మీద మాత్రం ముడత ఉండకూడదు" అన్నాడు హాయిట్. చెడ్డవాడేం కాదు. ఇంతవరకూ చెయ్యెత్తలేదు. అదృష్టవంతురాలివని ఊరంతా అనీ అనీ ఆమె చేత కూడా అనిపించింది.

నూలుమిల్లులో పనిచేసే ఓలీకి ఆ అదృష్టం లేదు. తాగొచ్చి గొంతు నులిమిన మొగుణ్ణి కాల్చి చంపింది. లాయరు కూడా అయిన ఆర్డెలే ఆమె తరఫున వాదించింది. తీర్పు చెప్పే జూరీలో పన్నెండుమందీ మగవాళ్ళే. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో ఆడది జూరీలో కూర్చోకూడదు. "మొగుడన్నాక ఓ దెబ్బ వెయ్యడా?" అని ఒకడు పక్కవాడితో గొణగడం ఆర్డెల్ చెవిన పడింది. ఓలీకి యావజ్జీవ శిక్ష పడింది. ఆ కేసు మీద ఆర్డెల్ పుస్తకం రాస్తే, చదివినవాళ్ళు వచ్చి హాయిట్‌కి చెయ్యి కలిపి వెళ్ళారు: "రాయనిచ్చావు, గొప్పవాడివయ్యా!"

జూరీలో ఆడవాళ్ళకు చోటివ్వాలన్న ఆమె బిల్లు ఆ రోజు సభకు వచ్చింది.

"మీరంతా కోర్టులో కూచుంటే మాకు కోడి ఎవరు వేపి పెడతారు తల్లీ?" అన్నాడు సభాపతి. సభంతా గొల్లుమంది. ఆర్డెల్ కూడా నవ్వింది. నవ్వకపోతే గయ్యాళి అంటారని ఎప్పుడో నేర్చుకుంది. బిల్లు చిత్తుగా ఓడింది. ఆమె వైపు నిలిచిన నలుగురిలో ఒకాయన బయట కలిసి, "ఇంట్లో మా ఆవిడతో గొడవెందుకని వేశానమ్మా, ఇంకోలా అనుకోకు" అన్నాడు.

మర్నాడు ఆర్డెల్ ఓలీని చూడ్డానికి జైలుకు వెళ్ళింది.

"ఓడిపోయాం ఓలీ. జూరీ మారితే నీ కేసు మళ్ళీ విచారిస్తారని ఉత్త ఆశపెట్టాను నీకు."

"నా గురించి దిగులుపడకండమ్మా" అంది ఓలీ. "ఇక్కడ నాకు హాయిగా నిద్ర పడుతోంది. పొద్దుగూకగానే బయట తాళం వేసేస్తారు. అడుగుల చప్పుడైనా లేచి కూచోనక్కర్లేదు."

ఆర్డెల్ ముఖంలోకి చూసి మెల్లగా, "మరి మీకు నిద్ర పడుతోందామ్మా?" అని అడిగింది.

ఆర్డెల్‌కు 'మా ఆయన మంచివాడు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఓలీ అడిగింది అది కాదు.