బల్లకి అవతలివైపు చదువు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అందరూ అంటే మా ఆయన, మా అత్తగారు, ఆఖరికి ఆరేళ్ళ మా మిడత కూడా. మిడత నా కూతురు. నడవమంటే గెంతుతుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. కానీ ఆ గురువారం బడినుంచి కబురొచ్చినప్పుడు నాకు కోపం రాలేదు, భయం వేసింది.

"మీ పాపకి ఒక్క ముక్క చదవడం రావట్లేదమ్మా," అంది ఒకటో తరగతి టీచరు. "రేపు పెద్ద మేడమ్ ఒక్కొక్కళ్ళ చేత చదివిస్తారు. చదవలేని వాళ్ళని మళ్ళీ ఒకటిలోనే కూర్చోబెడతారు."

"రాకపోవడమేంటండీ? ఇంట్లో గడగడా చదువుతుంది. రోజూ నేనే చదివిస్తున్నాను."

టీచరు నా వంక జాలిగా చూసింది. తల్లులందరూ ఇదే మాట అంటారన్న చూపు అది. ఒళ్ళు మండింది గానీ, పిల్ల సంగతి ఆవిడ చేతిలో ఉంది కదా అని నోరు మూసుకుని వచ్చేశాను.

నేనూ ఒకటో తరగతిలో రెండేళ్ళు కూర్చున్నదాన్నే. రెండో ఏడు నాకన్నా జానెడు పొట్టి పిల్లలు నన్ను 'పాత పిల్ల' అని పిలిచేవాళ్ళు. పైతరగతులకి వెళ్ళినా ఆ పేరు నా వెంటే వచ్చింది. నాలుగులో బడే మానేశాను. ఆ పేరు నా కూతురికి కూడా అంటుకుంటుందేమోనని దారంతా భయపడుతూనే ఉన్నాను.

ఇంట్లో నా పని చొక్కా కాలర్లు కుట్టడం. మిషన్ ఆపితే పని సాగదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంటే సూది కింద వేలు పెడుతుంది. అందుకని బల్లకి అవతలివైపు ఎత్తు స్టూలు వేశాను. ఈ ఏడు బడి తెరిచిన వారానికే జ్వరం పట్టుకుని అది నాలుగు నెలలు మంచం దిగలేదు, దిగాక కూడా చాలా రోజులు బడికి పంపలేదు. దాని చదువంతా ఆ స్టూలు మీదే సాగింది. నేను కాళ్ళతో మిషన్ తొక్కుతూ, నా ముందు తెరిచి పెట్టుకున్న పుస్తకంలో చూసి చెప్పేదాన్ని. అది అవతలినుంచి వంగి, వేలు పెట్టి చదివేది.

ఆ సాయంత్రం కూడా చదివించాను. ఒక్క తప్పు లేదు.

"మరి బడిలో ఏమైందే నీకు?"

"అక్కడ అక్షరాలు వేరేగా ఉంటాయమ్మా."

సాకులు చెబితే వీపు చిట్లుతుందన్నాను. అది పుస్తకం సంచిలో పెట్టేసుకుంది.

మర్నాడు పెద్ద మేడమ్ గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. మేడమ్ పుస్తకం తెరిచి, బల్లకి ఇవతల నిలబడ్డ మిడత ముందు తిన్నగా పెట్టింది. మిడత పుస్తకం వైపు చూసింది. ఎంతసేపటికీ నోరు మెదపలేదు. టీచరు నా వైపు చూడకుండా తల దించుకుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"పోనీలే, ఇంకా తేలికది చూద్దాం," అంటూ మేడమ్ పుస్తకం తన వైపు తిప్పుకుని పేజీలు వెనక్కి తిప్పసాగింది. ఆవిడ ఒక పేజీ దగ్గర ఆగీ ఆగకముందే మిడత బల్ల మీదకి వంగి గడగడా చదివేసింది. వేలు కుడినుంచి ఎడమకి పరుగెడుతోంది. పేజీ మొత్తం చదివి, ఇంకో పేజీ తిప్పమంది.

మేడమ్ నోరు తెరిచింది. "తలకిందులుగా చదువుతున్నావేంటే! ఎవరు నేర్పారు?"

అది గర్వంగా నన్ను చూపించింది. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

మేడమ్ నవ్వింది గానీ, నవ్వాక అసలు మాట చెప్పింది. "పదిహేను రోజులు గడువిస్తానమ్మా. పుస్తకం తిన్నగా పెట్టి చదవాలి. లేకపోతే నేనేం చెయ్యలేను."

ఇంటికి రాగానే మిషన్‌కి గుడ్డ కప్పేశాను. కత్తెర అటక మీద పెట్టాను. స్టూలు నా పక్కకి లాగి, పుస్తకం దాని ముందు తిన్నగా పెట్టాను. మిడత పుస్తకం వైపు చూడకుండా మెడ తిప్పి నా మొహం చూసింది.

"పుస్తకంలో చూడవే."

చూసింది. వెంటనే మళ్ళీ మెడ తిప్పింది. అలా మూడుసార్లు. నాకు తెలియకుండానే చెయ్యి లేచింది.

"అటు కూర్చుంటే నీ మొహం కనపడేదమ్మా," అంది అది మెల్లగా. "తప్పు చదివితే నీ కనుబొమలు ముడిపడతాయి. అప్పుడు మార్చుకునేదాన్ని. ఇటు కూర్చుంటే నాకెలా తెలుస్తుంది?"

లేచిన చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది. ఇన్ని నెలలూ అక్షరాలు నేర్పుతున్నాననుకున్నాను. పిల్ల నా కోపాన్ని కూడబలుక్కుంటూ కూర్చుందని తెలుసుకోలేకపోయాను. సిగ్గేసింది. దానికన్నా ఎక్కువ భయమేసింది, మేడమ్ దగ్గర కూడా ఆవిడ మొహం చూసే చదివిందేమో, అసలు దీనికి ఏమైనా వచ్చా అని.

మొహం గోడవైపు తిప్పుకున్నాను. "నేను చూడను. తప్పొస్తే రానీ. చదువుకో."

పుస్తకం దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. తర్వాత మొదటి మాట చదివింది. తప్పు. నా నాలుక చివరిదాకా వచ్చింది సరైన మాట. పదిహేను రోజులు, పాత పిల్ల, టీచరు జాలి చూపు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

"కాదు కాదు, తప్పు చదివాను," అంది మిడత, నాతో కాదు, పుస్తకంతో. మళ్ళీ మొదటినుంచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

నేనేమైనా అంటానేమోనని అది ఆగలేదు. రెండో మాట మీదకి వెళ్ళిపోయింది.