చిన్నమ్మ చెప్పిన పాత జవాబు

ఇల్లు వచ్చిందని మేనేజర్ గారు ఫోన్ చేసేసరికి నేను ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి ఉన్నాను. "రెండో అంతస్తు, నాలుగో నంబరు. ఆర్డరు మీద సంతకం అయిపోయింది. సోమవారం నుంచి మీదే," అన్నారు. రెండో కాలు పైన పెట్టడం మర్చిపోయాను.

"ఏమ్మా, ఎక్కుతావా, బస్సుని పట్టుకుని నిలబడతావా?" అని కండక్టరు అరిచాడు. ఎక్కి, టికెట్ తీసుకుని, ఆయనకి థాంక్స్ చెప్పాను. ఎందుకు చెప్పానో ఆయనకి అర్థం కాలేదు.

మా పెళ్ళయి రెండు నెలలు. మా ఆయన అన్నగారింట్లో, ముందుగదిలో ఉంటున్నాం. ఆ గదికి తలుపు లేదు, తెర ఉంది. బావగారు వార్తలు చూడడం పూర్తయ్యాకే మా పరుపు పరుచుకోవాలి. ప్రపంచంలో ఏ మూల ఎన్నికలు జరిగినా ఆయనకి ఆసక్తే. పొద్దున్నే తోడికోడలు తెర అవతల నిలబడి "చెల్లీ, రావచ్చా?" అని అడుగుతూనే లోపలికి వచ్చేస్తుంది. "ఏం చెయ్యను, మోటారు స్విచ్ ఈ గదిలోనే పెట్టించారు మీ బావగారు. మీకు పెళ్ళవుతుందని ఆయన అనుకోలేదు మరి," అంటుంది. అంత ఇరుకులోనూ నాకు అన్నీ బాగానే ఉండేవి. మా ఆయన గ్లాసు నా గ్లాసు పక్కన బోర్లించి ఉంటే అది చూసి కూడా మురిసిపోయేదాన్ని. కానీ తలుపు కావాలి.

బస్సులోంచి మా ఆయనకి ఒకే ఒక్క మాట పంపాను: "తలుపు." ఆయన పదకొండు ఆశ్చర్యార్థకాలు తిప్పి పంపారు. లెక్కపెట్టాను.

ఆ నాలుగో నంబరులో బాబాయ్ ఉంటున్నారన్న సంగతి మూడో స్టాపు దాటాక గుర్తొచ్చింది.

నేను ఒక పెద్ద ఆసుపత్రిలో నెట్‌వర్క్ గదిలో పనిచేస్తాను. చేరి పది నెలలయింది. ఏడాది నిండితే గానీ ఉద్యోగం ఖాయం కాదు. ఆ గదిలో ఇద్దరమే: నేను, బాబాయ్. ఆయన నాకు చుట్టం కాదు, ఆసుపత్రి మొత్తం ఆయన్ని అలాగే పిలుస్తుంది. పందొమ్మిదేళ్ళుగా ఆ గది ఆయనదే. ఏ వేళ పిలిచినా పరుగెత్తుకు రావాలి కాబట్టి నెట్‌వర్క్ గది మనిషికి ఆవరణలో ఒక ఇల్లు ఇస్తారు. అందులో ఆయనా, పిన్నీ ఉంటారు. ఆ ఇల్లు నాకు వచ్చిందంటే, ఆయన గదిలోంచి పోతున్నారన్నమాట.

ఎందుకు పోతున్నారో చెప్పాలంటే కొంచెం మా పని గురించి చెప్పాలి. యంత్రాలు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. మనుషులకి పేర్లు కావాలి. నర్సు "ల్యాబ్" అని కొడితే ఆ ల్యాబ్ ఏ అంకె దగ్గరుందో చెప్పేది నేమ్ సర్వర్. అది తెర మీద కనిపించకుండా వెనకాల నడిచే ప్రోగ్రాం. ఆగిపోతే తప్ప అదొకటి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. మా దగ్గర అలాంటివి రెండున్నాయి. బాబాయ్ వాటికి పెద్దమ్మ, చిన్నమ్మ అని పేర్లు పెట్టారు. పేర్ల ఫైలు పెద్దమ్మ దగ్గర రాస్తాం, చిన్నమ్మ కాపీ చేసుకుంటుంది. పెద్దమ్మ పడుకుంటే చిన్నమ్మ జవాబు చెబుతుంది.

ఫైలు మార్చిన ప్రతిసారీ దాని నెత్తిన ఉన్న సీరియల్ నంబరు పెంచాలి. మేము సంవత్సరం, నెల, తేదీ వేసి చివర రెండంకెలు కలుపుతాం. చిన్నమ్మ చూసేది ఆ నంబరొక్కటే. తన దగ్గరున్నదానికంటే పెద్దదైతే కొత్త కాపీ తీసుకుంటుంది, లేకపోతే లేదు. "దానికి చదువు రాదే అమ్మాయ్. ఎక్కువ, తక్కువ మాత్రం తెలుసు. అచ్చం మన మేనేజర్," అనేవారు బాబాయ్.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటుంది: రాసిన మనిషి సరిచూడకూడదు. రాసిన కన్ను తన చేతిని నమ్ముతుందట. ఆయన మార్పు చేస్తే నేను పెద్దమ్మనీ చిన్నమ్మనీ విడివిడిగా అడిగి, ఇద్దరూ ఒకటే చెబితే నోటుబుక్కులో టిక్ పెట్టాలి. నేను మార్పు చేస్తే ఆయన పెట్టాలి.

పోయిన గురువారం మధ్యాహ్నం పెద్దమ్మకి కొత్త వెర్షన్ ఎక్కించడానికి బాబాయ్ దాన్ని నలభై నిమిషాలు ఆపారు. చిన్నమ్మ ఉందిగా అనుకున్నారు. ల్యాబ్ వాళ్ళు మూడు వారాల కిందటే కొత్త యంత్రానికి మారారు. చిన్నమ్మ మాత్రం పాత అంకె చెప్పింది. ఆ పాత యంత్రాన్ని ఎవరూ ఆపెయ్యలేదు. కిడ్నీ వార్డులో ఒక ముసలావిడ రక్తం రిపోర్టు తెరిస్తే మూడు వారాల కిందటిది వచ్చింది. హడావిడిలో తేదీ ఎవరూ చూడలేదు. దాన్ని బట్టి మందు ఎక్కించారు. ఆమె గుండె రెండుసార్లు ఆగింది. బతికించారు కానీ, ఇప్పుడు సొంత కూతుర్ని "ఎవరమ్మా నువ్వు" అని అడుగుతోందట.

నేను వెళ్ళేసరికి మేనేజర్ గారు కుర్చీ చూపించారు. ఇదివరకెప్పుడూ చూపించలేదు.

"కొత్త పెళ్ళికూతురు! సంతోషమేనా?"

"చాలా సంతోషమండీ."

"సరే. నాలుగింటికి కమిటీ. ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో ఒక పేజీ కావాలి."

"చిన్నమ్మ... అదేనండీ, రెండో సర్వరు..."

"సర్వర్ని ఉద్యోగంలోంచి తియ్యలేనమ్మా. ఆ ముసలావిడ కూతురు గేటు దగ్గర కూర్చుంది. ఆ అమ్మాయికి ఒక మనిషిని చూపించాలి."

"బాబాయ్ గారిని అడిగారా?"

"అడిగాను. తప్పెక్కడో తెలియట్లేదు, వెతుకుతానన్నాడు. గుడ్డివాడు వెతుకుతాట్ట!" అని నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. ఎదుటివాళ్ళు నవ్వితే ఊరుకోలేను, చిన్నప్పటినుంచీ అంతే. బాబాయ్‌కి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. వచ్చే బుధవారం మా ఆసుపత్రిలోనే ఆపరేషను.

"తనే ఒప్పుకుని కాగితం రాసిస్తే ఇంటికి పంపేస్తాం. లేదంటే పోలీసు కేసు. నువ్వు చెబితే వింటాడు. మంచిగా చెప్పు," అన్నారు మేనేజర్ గారు.

గదికి వెళ్ళి చిన్నమ్మ లాగ్ తెరిచాను. అంటే అది తన పని గురించి తనే రాసుకునే డైరీ. రోజూ చదవడం నా పని. రెండు నెలలుగా చదవలేదు. ప్రతి పావుగంటకీ ఒకటే వాక్యం: పెద్దమ్మ దగ్గరున్న నంబరు నా దగ్గరున్నదానికంటే చిన్నది, తీసుకోను. పైకి, ఇంకా పైకి జరుపుకుంటూ వెళ్ళాను. నేను పెళ్ళి సెలవు పెట్టడానికి ముందురోజు సాయంత్రం అయిదుంబావుకి మొదలైంది.

ఆ సాయంత్రం బాగా గుర్తుంది. మా ఆయన, అప్పటికింకా కాబోయే ఆయన, కింద స్కూటరు మీద కూర్చుని పైకి చెయ్యి ఊపుతున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ సీరియల్ నంబరు కొట్టాను. సంవత్సరంలో చివరి రెండంకెలు తారుమారయ్యాయి. ఇంకో ఇరవై ఏడేళ్ళ తర్వాతి తేదీ పడింది. నిమిషంలో చూసుకుని సరిచేశాను. కానీ ఆ నిమిషంలోనే చిన్నమ్మ పెద్ద నంబరు తీసేసుకుంది. ఇక ఎన్ని మార్పులు రాసినా దానికి అవన్నీ చిన్న నంబర్లే. తప్పు చేసి వదిలేసి ఉంటే బాబాయ్ కంటబడేది. దిద్దడం వల్లే ఎవరికీ కనబడకుండా పోయింది; ఆ రోజుకి పేర్లు ఇద్దరి దగ్గరా ఒకటే కాబట్టి ఆయన టిక్ కూడా పెట్టేశారు.

మూడు వారాల కిందట బాబాయ్ ల్యాబ్ కొత్త అంకె రాసిన రోజున చిన్నమ్మని నేను అడిగి ఉన్నా తెలిసేది. ఆ రోజు ఫోన్‌లో మా ఆయన, రెండు దిండ్లు కొందామా మూడా అని బేరమాడుతున్నారు. నోటుబుక్కులో టిక్ పెట్టేశాను.

మా ఆయన ఎదురు భవనంలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తారు. మధ్యాహ్నం మా క్యాంటీన్‌కి వచ్చారు. కాగితం మీద అప్పటికే ఇంటి బొమ్మ గీసేశారు. తలుపుని మిగతా ఇల్లంత పెద్దదిగా గీశారు. అది చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే మొత్తం చెప్పాను.

ఆయన కాసేపు టీ తాగారు. "నిన్నెవరైనా అడిగారా, నువ్వు చేశావా అని?"

"లేదు."

"మా ఆఫీసులో మొదటి రోజే నేర్పుతారు. అడగని ప్రశ్నకి జవాబు రాయొద్దని."

"బాబాయ్ పోతారండీ."

"నువ్వు నిజం చెబితే మాత్రం ఉంచుతారా? గదికి పెద్ద ఆయనే. ఇద్దరినీ పంపిస్తారు. ఒకరు పోయేచోట ఇద్దరెందుకు?" బొమ్మ నా వైపు తిప్పారు. "ఇంతకీ ఆ లాగ్ ఎక్కడికి పోతుంది?"

"చిన్నమ్మని మళ్ళీ సరిచెయ్యాలంటే దాని దగ్గరున్నవన్నీ చెరిపి కొత్తగా మొదలుపెట్టొచ్చు. లాగ్ కూడా చెరిపెయ్యొచ్చు."

"మరింకేం? సరిచెయ్యి. అది నీ ఉద్యోగమేగా!" అని నా ముక్కు మీద వేలితో కొట్టారు. ఆయన అలా కొడితే నాకు చాలా ఇష్టం.

మూడింటికి బాబాయ్ వచ్చారు. నా కుర్చీ వెనక నిలబడి, తెరకి జానెడు దూరంలోకి ముఖం వంచారు.

"ఏమే అమ్మాయ్, ఏదైనా దొరికిందా?"

"చూస్తున్నా బాబాయ్."

"లాగ్ చదివిపెట్టు. నా కళ్ళకి చీమలబారులా ఉంది. చిన్నమ్మ ఏదో ఒకటి రాసే ఉంటుంది, ఊరుకునే రకం కాదు."

తెర నిండా ఆ వాక్యమే ఉంది. ఒకదాని కింద ఒకటి, నలభైసార్లు.

"ఏమీ లేదు బాబాయ్. అన్నీ మామూలువే."

"అదేమిటే!" ఆయన స్టూలు మీద కూర్చున్నారు. "సరే, వరసగా వద్దాం. ల్యాబ్ అంకె నేను మార్చాను. నువ్వు చిన్నమ్మని అడిగావు. టిక్ పెట్టావు."

"పెట్టాను."

"పెట్టావు. పిన్ని చేత చదివించుకున్నా. అంటే ఆ రోజుకి చిన్నమ్మ బాగానే ఉంది. చెడితే ఆ తర్వాతే చెడాలి. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నది నేనొక్కణ్ణే."

నేను తోసే పని కూడా లేకుండా ఆయనే నడుచుకుంటూ వచ్చేశారు. ఒక్క అడుగు మిగిలింది.

"గురువారం పొద్దున చిన్నమ్మ సెట్టింగులు మార్చారు కదా. అప్పుడు పాత బ్యాకప్ ఎక్కించినట్టున్నారు," అన్నాను.

"పాత బ్యాకప్పా? గుర్తులేదే!"

"పొరపాటన్నాక గుర్తెలా ఉంటుంది బాబాయ్? రెండు ఫైళ్ళూ పక్కపక్కనే ఉంటాయి. మీకు కనబడి ఉండదు."

ఆయన రెండు అరచేతులతో కళ్ళు రుద్దుకున్నారు. "ఇంకెవరైనా అంటే పోట్లాడేవాణ్ణే. నువ్వంటున్నావు," అన్నారు. "చూడవే, ఎవరో తల్లిని పొట్టన పెట్టుకునేవాణ్ణి."

తెల్లకాగితం తెచ్చి, గీతలు గీసి ఇచ్చాను, అక్షరాలు వంకర పోకుండా. నేను చెబుతుంటే ఆయన రాశారు. "నా కంటిచూపు సరిలేక, పాత ఫైలు ఎక్కించి, సరిచూసుకోకుండా..." అక్కడ ఆగి, "ఆవిడ పేరు కనుక్కోవే. క్షమించమని రాస్తాను," అన్నారు.

"అవన్నీ కమిటీకి అక్కర్లేదు బాబాయ్. పొడుగైపోతుంది."

"అంతేనంటావా?" సంతకం పెట్టారు. గీత దాటి పోయింది. "బుధవారం ఆపరేషను... స్టాఫ్ కాకపోతే ఉచితంగా చెయ్యరేమో?"

"చేస్తారులెండి."

చెయ్యరు. స్టాఫ్ జాబితాలోంచి పేర్లు తీసేది మా గదే. సోమవారం ఆయన పేరు నేనే తియ్యాలి.

ఆయన పక్కన ఉండగానే చిన్నమ్మని ఆపాను. దాని కాపీ చెరిపాను, లాగ్ చెరిపాను, మళ్ళీ నడిపాను. మూడు సెకన్లలో పెద్దమ్మ దగ్గర్నుంచి కొత్త కాపీ వచ్చేసింది. ల్యాబ్ ఎక్కడ అని ఇద్దరినీ అడిగాను.

"ఒకటే చెబుతున్నారా?" అన్నారు బాబాయ్.

"ఒకటే."

"నోటుబుక్కు ఇలా ఇయ్యి. నువ్వు చేశావు కాబట్టి టిక్ నేను పెట్టాలి." పెన్ను ఎక్కడ ఆనించాలో వేలు పట్టుకుని చూపించాను.

కాగితం చూసి మేనేజర్ గారు "శభాష్" అన్నారు. కమిటీ పావుగంటలో ముగిసింది. ముసలావిడ కూతురికి ఆ కాగితం నకలు ఒకటి ఇచ్చారట. బాబాయ్ గేటు దాటి అవతలి దుకాణానికి వెళ్తుంటే ఆ అమ్మాయి ఆయన ముఖాన ఉమ్మిందని సెక్యూరిటీ అతను వచ్చి చెప్పాడు. "ఆయనేమన్నాడో తెలుసా మేడమ్? తుడుచుకోకుండా నిలబడి, 'నిజమేనమ్మా' అన్నాడు."

అయిదింటికి బాబాయ్ తన పెట్టె సర్దుకోవడానికి వచ్చారు. ముఖం కడుక్కున్నారు, చొక్కా ముందు తడిగా ఉంది. ఇల్లు ఎవరికి ఇచ్చారో అప్పటికి ఎవరో చెప్పేశారు. ఎలా మాట్లాడాలా అనుకుంటున్నాను, ఆయనే నవ్వారు.

"పోనీలే అమ్మాయ్, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పోలేదు. పిన్నీ అదే అంది. మేం ఆదివారానికి ఖాళీ చేసేస్తాం. దాని చెల్లెలింట్లో మెట్ల కింద ఒక గది ఉందట, చూద్దాం. రేపు పొద్దున్నే మీ ఇద్దరూ వచ్చి కొలతలవీ తీసుకోండి. ఏ స్విచ్ దేనికో పిన్ని చూపిస్తుంది."

"ఎన్నింటికి రమ్మంటారు బాబాయ్?"

"తొమ్మిదింటికి రండి. అప్పటికి వంటగది ఖాళీ చేసి ఉంచుతుంది."

ఆయన మెట్లు దిగేదాకా ఆగి మా ఆయనకి ఫోన్ చేశాను. సెలవు పెట్టేస్తానన్నారు. కొలిచే టేపు బావగారి దగ్గర అడిగి తెస్తారట. ముందు పడకగది కొలిచి, అట్నుంచి అటే మంచం చూడ్డానికి వెళ్దామన్నారు. సరేనన్నాను. రేపు తొమ్మిదింటికి వెళ్తున్నాం.