వదిలేసిన ఫైలు

"ఏటే యూనిస్, నీ కంప్యూటరు మళ్ళీ తప్పు సూపించిందంట?" అన్నాడు ఇజ్రాయెల్, నేను అతని చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. నా ఆఫీసు సంగతులు నాకంటే ముందు మా ఆయనకే తెలుస్తాయి. ఆసుపత్రి సూపరింటెండెంటు అమృతరావు గారు ఆదివారం ఆరాధనకి గుడిలో ఇతని పక్కనే కూర్చుంటారు. రాయగడలో ఆ మిషన్ ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చిన తొంభై ఎనిమిది నుంచి వాటిని చూసుకుంటున్నది నేను. ఈ ఏడేళ్ళలో నా మీద ఫిర్యాదు ఆయన ఒక్కసారైనా నాతో చెప్పిన పాపాన పోలేదు.

ఇజ్రాయెల్ జేబులోంచి కాగితం తీశాడు. 'నా అజాగ్రత్త వల్ల జరిగిన తప్పుకు క్షమించగలరు' అని నా పేరుతో గుండ్రంగా రాసిపెట్టాడు. "సంతకం ఎట్టీ. సారు సల్లబడిపోతారు. లేపోతే ఇశాపట్నం నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు" అన్నాడు. వంటింట్లోంచి మా అత్త, "మొగుడు రాసిచ్చినదాని మీద సంతకం ఎట్టడానికి సేతులు పడిపోనాయా?" అంది. నా తరఫున మాట్లాడడం దయ అనుకుంటాడు ఇతను. నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఇంతకీ ఆ తప్పు ఇది. రోజూ పన్నెండింటికి ప్రార్థన గంట కొడతారు. కౌంటర్లు ఖాళీ అయిన ఆ అరగంటలో మా పాత సర్వరు రోగుల వివరాల నకలు టేపు మీదకి ఎక్కిస్తుంది. చివర్లో 'ఒక ఫైలు వాడుకలో ఉంది, వదిలేశాను' అని ఎర్రక్షరాలు వస్తాయి. ఎర్రక్షరాలు వచ్చాయంటే రోగుల పేర్లు పోయినట్టే అని అమృతరావు గారి నమ్మకం. పోతే పోగొట్టింది నేనే.

గడిచిన వారం రోజులూ మధ్యాహ్నాలు అన్నం డబ్బా తెరవకుండా కాపు కాశాను. గంట వినగానే ఓపీ కౌంటర్లో పుణ్యవతక్క స్క్రీను అలాగే వదిలి ప్రార్థనకి పరుగెడుతోంది. సర్వరు వదిలేస్తున్నది, ఆ స్క్రీను తెరిచి ఉందని మెషీను గుర్తు పెట్టుకునే చిన్న ఫైలుని. అందులో ఒక్క పేరూ ఉండదు. ఒకరోజు నేనే వెళ్ళి మూశాను, ఎర్రక్షరాలు రాలేదు. మర్నాడు ఊరుకున్నాను, వచ్చాయి. అక్కతో చెబితే, "దేవుడి పిలుపొస్తే మెషీన్లు మూసుకుంటా కూకోమంటావేటి అమ్మీ?" అని నవ్వేసింది.

అంతటితో ఆగలేదు. టేపులో ఉన్నదంతా మూలనున్న పాత కంప్యూటర్లోకి దింపి, చేతిరాత రిజిస్టరుతో వరుసగా సరిపోల్చాను. కల్యాణసింగ్‌పూర్ నుంచి వచ్చిన బాలింతల దగ్గర్నుంచి నిన్నటి జ్వరాల దాకా ఒక్క పేరూ పోలేదు.

అయినా భయం వేసింది. సంతకం పెడితే ఉద్యోగం నిలుస్తుంది. కానీ రేపు నిజంగా ఏదైనా పోయి, నేను మొత్తుకుంటే వినేదెవరు? చేయని తప్పు ఒకసారి ఒప్పుకున్నాక నా మాటకి విలువేముంటుంది?

ఇజ్రాయెల్ రాసిన కాగితాన్ని ఇస్త్రీ చేసిన చొక్కా జేబులో పెట్టేసి, నేను ఆసుపత్రికి వెళ్ళాను.

"ఏటమ్మా, మీ ఆయన ఉత్తరం తెచ్చేవా?" అన్నారు అమృతరావు గారు, తలెత్తకుండానే.

"ఆయన రాసింది ఆయన దగ్గరే ఉంది సార్. మెషీను సంగతి ఇకనుంచి నాకు సెప్పండి." టేపులోంచి తీసిన పేర్ల జాబితా, రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. "తప్పు లేదని జాబితా సివర నేను రాసేను. మీరు సరిసూసుకుని, కింద సంతకం ఎట్టండి."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను, ఆయన చదవడం పూర్తయ్యేదాకా.