పానకం లెక్కలోకి రాలేదు

"ఏంది సేటూ, గిట్ల చేసినవ్?" హాస్టల్లో వంట చేసే ఈశ్వరమ్మ కొట్టు మెట్లెక్కుతూనే అందుకుంది. "పాతయని చెప్పి కొత్త బియ్యం అంటగట్టినవ్. అన్నమంత గంజి గంజి అయింది. పిల్లలు ముట్టలే."

సేటు కామరాజు గల్లాపెట్టె మూసి లేచాడు. బన్సీలాల్‌పేటలో ముప్పై ఏళ్లుగా బియ్యం కొట్టు నడుపుతున్నాడు. ఒక్కనాడూ కొత్తవాటిని పాతవని అమ్మిన మనిషి కాదు. బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు గింజలు గుప్పిట పట్టి వదిలితే చాలు. కొత్తవైతే అరచేతికి అంటుకుని ఓ పట్టాన వదలవు, పాతవైతే గలగలా జారిపోతాయి. పైన పాతవి పోసి అడుగున కొత్తవి నింపిన బస్తాలను అలాగే ఎన్నో వెనక్కి పంపాడు. ఈశ్వరమ్మకిచ్చిన బస్తాలోనూ చెయ్యి పెట్టాడు. వేళ్లు ఏమీ చెప్పలేదు. చెప్పినట్టే తలాడించి, పాతవే అనేశాడు.

"వేరే బస్తా పంపిస్తానమ్మా, పొరపాటైంది" అన్నాడు.

ఎనిమిది నెలల క్రితం కాలివేళ్లలో చీమలు పాకినట్టు మొదలైంది. తర్వాత మంటలు, ఆపైన తిమ్మిరి. ఓరోజు చెప్పు ఊడి వెనకే ఉండిపోతే తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. ఇప్పుడు చేతులకూ వచ్చింది. చేతివేళ్లు పోతే బియ్యం వ్యాపారికి ఇంకేం మిగులుతుంది?

"షుగర్ నరాలకెక్కిందిరా" అన్నాడు డాక్టర్ సత్యదేవ్. "రెండేళ్లుగా వేసుకుంటున్న మాత్రే, ఇక రెండు పూటలా వేసుకో."

వేసుకున్నాడు. తిమ్మిరి పెరిగింది. సత్యదేవ్ మాత్ర డోసూ పెంచాడు.

ఇద్దరిదీ కాకినాడలో ఒకే వీధి. సికింద్రాబాద్‌కి వచ్చింది కూడా ఒకే ఏడాది. సత్యదేవ్ తిరుమలగిరిలో క్లినిక్ పెట్టాడు. పొద్దున్నే కలిసి నడుస్తారు. కామరాజు దగ్గర ఏనాడూ ఫీజు ముట్టలేదు. సొంత బావమరిది మిల్లు నుంచి వచ్చినా చెయ్యి పెట్టి చూడందే బస్తా దింపనివ్వని కామరాజు, సత్యదేవ్ ఇచ్చిన మాత్రను మాత్రం ఎందుకని అడక్కుండా మింగేవాడు. స్నేహితుణ్ణి ఏమని అడుగుతాం?

భార్య రాజ్యమే ఊరుకోలేదు. "ఏమండీ, మందు వేసుకునే కొద్దీ జబ్బు ముదురుతుంటే ఇంకో డాక్టర్ని అడగడానికి ఏం అడ్డం? నేరేడ్‌మెట్‌లో హదస్సా అని ఒకమ్మాయి ఉంది. చెప్పేదంతా వింటుందట."

"సత్యానికి తెలిస్తే బాధపడతాడే."

"తిమ్మిరెక్కిన కాళ్లు మీవి. బాధ ఆయనకా?"

వెళ్లాడు. ఏళ్ల తరబడి సరుకిచ్చే మిల్లును కాదని దొంగచాటుగా ఇంకో మిల్లుకు వెళ్తున్నట్టు దారి పొడుగునా సిగ్గుపడుతూనే ఉన్నాడు.

హదస్సా ముప్పై దాటని పిల్ల. కళ్లు మూసుకోమని దూది ముక్కతో పాదాలు తాకింది.

"ఎప్పుడు తాకుతావమ్మా?" అన్నాడు కామరాజు.

"తాకడం అయిపోయింది అంకుల్. నాలుగుసార్లు తాకాను."

కామరాజు కళ్లు తెరిచి పాదాలకేసి చూసుకున్నాడు. అవి వేరే ఎవరివోలా కనిపించాయి.

"షుగర్ ఉందని ఎలా తెలిసింది?"

"రెండేళ్ల కింద, శ్రీరామనవమి పందిట్లో. మా వాకింగ్ వాళ్లకి సత్యదేవ్ క్యాంపు పెట్టాడు. వేలు పొడిచి చూస్తే రెండు వందల నలభై."

"అప్పటికేమైనా తిన్నారా?"

"అబ్బే, ఉపవాసం కదమ్మా."

"తాగడానికి?"

"ఏమీ లేదు. పానకం, అంతే."

హదస్సా పెన్ను ఆగింది. "ఎన్ని గ్లాసులు?"

"ఒకటో రెండో. ప్రసాదమే కదా, దాన్ని ఎవరు లెక్కపెడతారు? పొద్దుట్నుంచీ అందరికీ గ్లాసుల్లో పోసిస్తున్నది నేనే."

"వేలు పొడిచే ముందు చేతులు కడుక్కున్నారా?"

కామరాజు వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. ఆ రోజు వేళ్లన్నీ బెల్లంతో జిగటగా ఉన్న సంగతి గుర్తొచ్చింది. ఆ చేత్తోనే సత్యదేవ్‌కి గ్లాసందించాడు. తాగి, "ఇంకాస్త మిరియం పడాల్రా" అని, అదే చెయ్యి పట్టుకుని సూది గుచ్చాడు సత్యదేవ్.

"బెల్లం అంటిన వేలు ఎవరిదైనా మీటరు అంతే చూపిస్తుంది" అంది హదస్సా. కామరాజు తెచ్చిన సంచిలోని కాగితాలన్నీ బల్ల మీద పరిచి తేదీల వరసన పెట్టింది. ఒక రిపోర్టు తీసి రెండుసార్లు చదివింది. "ఇది మూడు నెలల సగటు షుగర్ పరీక్ష. మామూలుగా ఉంది. తేదీ రెండేళ్ల కిందటి ఏప్రిల్ నాలుగు. కింద డాక్టర్ గారి సంతకం కూడా ఉంది. ఆయన మాత్ర మొదలుపెట్టింది ఏప్రిల్ ఆరున."

"అంటే?"

"మాత్ర వేసుకోకముందే మీకు షుగర్ లేదని వచ్చింది అంకుల్. ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి-ట్వెల్వ్ విటమిన్ పడిపోయి, నరాలు దెబ్బతిని ఇలా తిమ్మిర్లొస్తాయి. మీరు శాకాహారులు, ముందే తక్కువ ఉంటుంది. నా అనుమానం అది. రక్తం చూసి చెప్తాను."

మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. మాత్ర ఆపించి ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. మూడు నెలలాగి షుగర్ మళ్లీ చూస్తానంది. "స్పర్శ కొంత తిరిగొస్తుంది. ఎంతన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేను."

అక్కణ్ణుంచి కామరాజు నేరుగా తిరుమలగిరి వెళ్లాడు. ఏప్రిల్ నాలుగు రిపోర్టు సత్యదేవ్ ముందు పెట్టాడు.

"ఇది చూశావా అప్పుడు?"

సత్యదేవ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం ఎంతకీ తెమల్లేదు.

"చూశాన్రా."

"చూసే ఇచ్చావా మాత్ర?"

"మైకులో చెప్పేశాను కదరా. ముప్పై మంది ముందు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే కామరాజుకే ఇంతుంటే మీ సంగతేంటని. మర్నాడు పదిమంది నా దగ్గరికి పరీక్షలకొచ్చారు. వారం తిరక్కుండా అది తప్పంటే నన్నెవరు నమ్ముతారు? చిన్న మాత్రేగా, ఏం కాదులే అనుకున్నా. నీ వయసుకి ఎలాగూ రేపో మాపో వచ్చేదేగా."

"కాళ్లు తిమ్మిరన్న రోజైనా చెప్పలేకపోయావా?"

"నిజంగా షుగరే వచ్చిందేమో అనుకున్నా."

"పరీక్ష చేశావా?"

సత్యదేవ్ రిపోర్టును మడత పెట్టసాగాడు. కామరాజుకి జవాబు అందింది. చేస్తే ఏం వస్తుందో సత్యదేవ్‌కి ముందే తెలుసు.

"రేపు పొద్దున మన వాకింగ్ వాళ్లందరి ముందూ చెప్పు. మాత్రలేసుకునే వాళ్లలో నాలాంటివాళ్లు ఇంకెందరున్నారో."

"అందరి ముందా? ఎలా రా? నీకు మంచి న్యూరాలజిస్టుని చూపిస్తా. నేనే తీసుకెళ్తా. మన మధ్య ఉంచరా దీన్ని."

"నాకు జబ్బని అందరి ముందే చెప్పావు సత్యం. లేదని చెప్పడానికి చాటు కావాల్సొచ్చిందా?"

లేచాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టి, పట్టాయో లేదో కిందికి వంగి కళ్లతో చూసుకున్నాడు. వెనక నుంచి "కామూ" అని పిలుపు వినిపించింది. చిన్నప్పటి పిలుపు. తిరిగి చూడలేదు.

మర్నాడు నడకకు వెళ్లలేదు. పదింటికి ఈశ్వరమ్మ వచ్చేసరికి కొట్లో మరో నలుగురు బేరానికి నిలబడి ఉన్నారు.

"ఈసారన్న పాతయేనా సేటూ?"

తలాడిస్తే సరిపోయేది. కామరాజు తలాడించలేదు.

"నాకు తెలియదమ్మా. నా వేళ్లకు స్పర్శ పోయింది. పోయినసారి తెలియకుండానే తెలుసన్నాను, తప్పు నాది. నువ్వే చెయ్యి పెట్టి చూడు."

నలుగురూ మాటలాపి చూశారు. ఈశ్వరమ్మ గాజులు పైకి తోసుకుని బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. గింజలు గుప్పిట పట్టి వదిలింది. "గిది కాదు" అని పక్క బస్తా చూసింది. దాని పక్కదీ చూసింది. "ఇగో, గిది పాతది. ఎట్ల జారుతున్నయో చూడు."

కామరాజు జారుతున్న గింజల్ని చూశాడు. చూడటమే చేయగలిగాడు. బస్తా మూతి కట్టబోతే పురికొస వేళ్ల మధ్య నిలవలేదు. ఈశ్వరమ్మ అందుకుని ముడేసింది.

"అయ్యో, గింత తక్లీఫ్ ఉన్నదా సేటూ? నీకు డాక్టర్ సాబ్ దోస్తున్నడు గదా, గాయనకు చూపెట్టకపోయినవా?"

"చూపించానమ్మా" అన్నాడు కామరాజు. "రెండేళ్లు చూపించాను."