జేబులో మాత్ర

ఉతికే ముందు మొగుడి జేబులు తడిమి చూడడం హేమలతకు పెళ్ళైన కొత్తలోనే అలవాటైంది. లోపల ఏది తడిసినా తిట్లు తినేది తనే కదా. ఆ పొద్దున ఓబులేష్ చొక్కా జేబులో తెల్లటి మాత్ర ఒకటి చేతికి తగిలింది. చూడగానే నోట్లో నీళ్ళూరాయి. అదే మాత్ర.

కళ్యాణదుర్గం ఊరి బయట, ట్యాంకరు వస్తే తప్ప బిందె నిండని కాలనీ వాళ్ళది. ఇంట్లోనే మిషన్ మీద జీన్స్ ప్యాంట్లు కుడుతుంది హేమలత. ఒకనాడు నడుము పట్టేస్తే ఓబులేషే మెడికల్ షాపు నుంచి ఆ నొప్పి మాత్ర తెచ్చాడు. నొప్పి పోయింది, నిద్రా పోయింది, పని రెట్టింపైంది. "మా కోడలు మనిషి కాదమ్మా, మిషను!" అని అత్త తిమ్మమ్మ వీధంతా చెప్పుకుంది. రోజుకు ఒకటి కాస్తా నాలుగైంది. ఆమె ప్యాంట్ల మీదే స్పృహ తప్పి పడేదాకా అది ఎవరికీ తప్పుగా తోచలేదు. అనంతపురంలో మాత్రలు మాన్పించే కేంద్రంలో ఉండి తిరిగొచ్చాక మాత్రం ఆమె ఇంట్లో దొంగైపోయింది. అత్త రవికె తడుముతుంది, బియ్యం డబ్బా కెలుకుతుంది, స్నానం కాస్త ఆలస్యమైతే తలుపు బాదుతుంది. "కండ్లు చూడప్పా, ఎట్లుండాయో" అని కొడుక్కి చూపిస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ ఇంట్లో ఆ భూతానికి మూడు పూటలా భోజనమే. చివరికి హేమలతకు తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

ఇంతకీ ఈ మాత్ర మరిచిపోయి పెట్టిందా, కావాలని పెట్టిందా? వెనక తలుపు సందులో అత్త కొంగు కదిలింది. ఓహో, ఎలుకబోనులో కొబ్బరిముక్క అన్నమాట! కోపమొచ్చింది. కోపం కంటే ఎక్కువగా ఆశ పుట్టింది. నాలుక ఆ చేదు కోసం పీకింది. మాత్రను జేబులోనే వదిలేసి, చొక్కాను పక్కన పడేసి, మిగతా బట్టలను బండకేసి బాదింది.

సాయంత్రం ఓబులేష్ జేబు చూసుకుని నవ్వాడు. "ఉండాదమ్మా! ముట్టలేదు."

"బుద్ధొచ్చినట్టుండాదిలే" అంది తిమ్మమ్మ.

బడిలో మార్కులొచ్చిన పిల్లలా హేమలత పొంగిపోయింది. అంతలోనే ఆ పొంగుకు సిగ్గుపడింది.

మర్నాడు పని ఇచ్చే శ్రీరంగప్ప వచ్చి, పండగ సరుకని రెట్టింపు మూటలు దించి పోయాడు.

"నడుము నొస్తాందత్తా. సగమే కుడతా" అంది హేమలత.

కాసేపటికి తిమ్మమ్మ టీ తెచ్చింది. కోడలికి ఆమె టీ అందించడం అదే మొదటిసారి. గ్లాసు పక్కన మాత్ర.

"ఈ సరుకు అయ్యేంతవరకే అమ్మీ. మళ్ళా మానేద్దువులే."

హేమలత మొగుడి వైపు చూసింది. అతను సెల్‌ఫోన్లోంచి తలెత్తలేదు. "ఒకదానికే ఏమవుతాది?"

ఒళ్ళంతా ఆ మాత్ర కోసం లాగింది. చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది కూడా. ఆ చేత్తోనే ఫోను తీసి, కేంద్రంలోని మేడమ్‌కు కలిపి, ఇంట్లో అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"మేడమ్, నేను హేమలతను. మళ్ళా మాత్ర వేసుకోవాలని ఉండాది. నాకొక్కదానికే కాదు, నేను వేసుకోవాలని మా అత్తకూ, మా ఆయనకూ ఉండాది. ఆడ ఇంకో ఇద్దరికి చోటుంటాదా?"