చెక్క మీద మిగిలినవాడు

సిలువ మీది ఏసు స్వరూపాన్ని దించడం ఎంతసేపు, ఒక పూట పని అనుకున్నాడు పాలిష్ మేస్త్రి. దించాక తెలిసింది, అసలు పని అప్పుడే మొదలైందని.

పాత చర్చి చేతులు మారింది. అందులో ప్రార్థన చేసుకునేవాళ్ళు ఏటేటా తగ్గిపోయి, చివరికి మిగిలిన నలుగురూ పక్క ఊరి చర్చిలో కలిసిపోతే, ఆ భవనాన్ని మేస్త్రి వాళ్ళ సంఘం తీసుకుంది. బల్లలు గట్టిగా ఉన్నాయి, కిటికీలకు వంక పెట్టడానికి లేదు, గంట కూడా మోగుతోంది. చిక్కంతా సిలువ దగ్గరే వచ్చింది. దాని మీద ఏసు ఉన్నాడు. మేస్త్రి వాళ్ళ సంఘంలో సిలువ మీద ఎవరూ ఉండరు. ఆయన చనిపోయి లేచాడు కదా, లేచినాయన్ని ఇంకా మేకులకు వేలాడదీసి ఉంచడమేమిటని వీళ్ళ మాట. మన కోసం ఆయన పడ్డ బాధ కళ్ళెదుట లేకపోతే మనిషి ఇట్టే మర్చిపోతాడని ఆ పాత చర్చివాళ్ళ మాట. ఎవరి మాట వాళ్ళకు ముద్దు.

ఆ పని ఎవరికి అప్పగిద్దామని సంఘంలో మాట మొదలవగానే, నేను చేస్తానని మేస్త్రి లేచి నిలబడ్డాడు. అంత తొందరగా ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు. ఇంకొకరి చెయ్యి దాని మీద పడకూడదని మాత్రం అనిపించింది.

నిచ్చెన వేసుకుని పైకెక్కితే మొహం మొహానికి ఎదురుగా వచ్చింది. అంత దగ్గరగా అతను ఏ స్వరూపాన్నీ చూడలేదు. మోకాళ్ళ మీద పెచ్చులు లేచిన ఎర్రరంగు, పక్కకు వాలిన తల, సగం తెరిచిన నోరు. పాదాల దగ్గర మాత్రం రంగన్నదే లేదు. ఏళ్ళ తరబడి వేళ్ళూ పెదవులూ తగిలి తగిలి అక్కడ చెక్క తేలిపోయి, చేతులు తగిలి నునుపెక్కిన తలుపు గడియలా మెరుస్తోంది. ఆ పెదవుల్లో తన భార్యవీ ఉన్నాయన్న సంగతి అతనికి తట్టింది. తట్టగానే మరమేకుల మీదికి చూపు మళ్ళించుకున్నాడు.

పాత ఫాదర్ వచ్చి, స్వరూపాన్ని దుప్పటిలో చుట్టించి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వ్యానెక్కాడు. సిలువను మీరే ఉంచుకోండి, ఆయనకు అక్కడ వేరే సిలువ చేయిస్తున్నామని చెప్పి వెళ్ళిపోయాడు.

మేస్త్రి సిలువను తన షాపుకు తెచ్చి రెండు బల్లల మీద వెల్లకిలా పరిచాడు. అప్పుడు చూశాడు. చెక్క మీద మనిషి ఉన్నాడు.

అదేమీ మాయ కాదు. ఎన్నో ఏళ్ళ వెలుతురూ కొవ్వొత్తుల పొగా తగిలి సిలువంతా నల్లబడింది. స్వరూపం వెనక ఉన్న మేర మాత్రం ఏ వెలుతురూ సోకక, కోసిన నాటి రంగులోనే లేతగా మిగిలిపోయింది. చాచిన చేతులు, వాలిన తల, ఒక పక్కకు మడిచిన మోకాళ్ళు. మొహం లేదు, కళ్ళు లేవు. ఒళ్ళు మాత్రం ఉంది. ఇన్నేళ్ళుగా చెక్కపని చేస్తూ ఇది ముందే ఊహించనందుకు అతనికి తన మీద తనకే నవ్వొచ్చింది. గోడకు ఆనించిన బీరువాని జరిపితే వెనక ఏముంటుందో తెలిసినవాడే. మనిషిని జరిపితే ఏముంటుందో మాత్రం ఆలోచించలేదు.

అతని భార్య పోయి ఏడాది దాటింది. ఆమెది ఆ పాత చర్చే. పెళ్ళప్పుడు అటువాళ్ళూ ఇటువాళ్ళూ మూతులు ముడుచుకున్నారు గానీ, వీళ్ళిద్దరికీ అదొక గొడవగా అనిపించలేదు. ఆదివారం ఇద్దరూ కలిసే బయల్దేరి, వీధి మలుపులో విడిపోయేవాళ్ళు. అతని ప్రార్థన ముందు అయిపోయేది. వచ్చి ఆమె చర్చి బయట రాతి బల్ల మీద కూర్చుని ఎదురుచూసేవాడు. లోపలికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆమె బయటికి వచ్చాక దారి పొడుగునా ఒకటే సరసం.

"మీ సిలువ ఖాళీ కుర్చీలా ఉంటుందండీ. ఎవరి కోసం వేశారో తెలీదు," అనేది ఆమె.

"మీరు మాత్రం పాపం ఆయన్ని దిగనివ్వరుగా. పండగా లేదు, పబ్బమూ లేదు, ఏడాది పొడుగునా డ్యూటీయే," అనేవాడు అతను.

ఆ సరసం ఒక్కసారే ఆగింది. వాళ్ళకు ఒక పాప పుట్టి, పేరు పెట్టేలోపే పోయింది. ఆ తర్వాత ఆమె ఆదివారం అనే కాకుండా రోజూ చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళి ఆ సిలువ కింద కూర్చునేది. ఇంటికొచ్చాక కూడా ఆమె కళ్ళు అక్కడే ఉండేవి. అతనికి భయమేసింది. ఆ భయంతో ఒకరోజు అనేశాడు.

"అయిపోయింది కదా. ఇక లే."

మెత్తగానే అన్నాడు. ఆమె కూడా మెత్తగానే జవాబు చెప్పింది. "మీ సిలువ మీదాయన లేచి వెళ్ళిపోయాడండీ. బాగున్నాడు. బాగున్నవాళ్ళకి నా గోడు ఏం చెప్పను? నొప్పిలో ఉన్నాయన దగ్గరైతేనే నాకు నోరు పెగులుతుంది."

ఆ మాటకు అతని దగ్గర సమాధానం ఉంది. బాధ దగ్గరే కథ ఆగిపోలేదని చెప్పడానికే కదా మా ఖాళీ సిలువ అని, చిన్నప్పటి నుంచి విన్నదంతా వల్లించాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ వల్లిస్తున్నంతసేపూ తన గొంతు తనకే పక్కింటాయన గొంతులా వినిపించింది. ఆమె విని, గిన్నెలు సర్దుకోవడానికి లేచింది. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కొన్నాళ్ళకు సరసాలు తిరిగొచ్చాయి, నవ్వులు తిరిగొచ్చాయి, జీవితం గాడిన పడిందని చుట్టాలన్నారు. తన నోటి మాట విని ఆమె ఆ రోజు లోపల ఒక తలుపు మూసేసుకుందని అతనికొక్కడికే తెలుసు. మళ్ళీ తట్టడానికి మాత్రం అతనికి ఎన్నడూ చెయ్యి రాలేదు. ఇప్పుడు తట్టినా తియ్యడానికి అవతల ఎవరూ లేరు.

అతను ఎమరీ కాగితం తీసుకుని పని మొదలుపెట్టాడు. పైపైన రుద్ది, ఒక పూత పాలిష్ వేశాడు. పాలిష్ తాగేకొద్దీ చుట్టూ ఉన్న చెక్క ఇంకా నల్లబడింది, లేత మనిషి ఇంకా తేటపడ్డాడు. దీపం వత్తి ఎగదోసినట్టయింది. మేస్త్రి బ్రష్షు పక్కన పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. లోతుగా చెక్కితే పోతుంది, ఆ సంగతి అతనికి తెలుసు. చెయ్యి మాత్రం కదల్లేదు. అందులో కష్టమేముందని తనని తను అడిగాడు. చెక్క. మచ్చ. మచ్చలు తీయడమే తన బతుకుతెరువు. అయినా, ఆమె అన్నేళ్ళు చూసిన చోటు ఈ లోకంలో ఇదొక్కటే మిగిలింది, దీన్నీ తానే తుడిచేస్తే ఆమె చెప్పుకున్నదంతా ఎక్కడికి పోతుందన్న పిచ్చి ప్రశ్న ఒకటి అతన్ని పట్టుకుని వదల్లేదు. పిచ్చిదని తెలిసినంత మాత్రాన ప్రశ్న వదిలిపెడుతుందా?

ఆదివారం ఆ చర్చిలో వీళ్ళ సంఘం మొదటి ప్రార్థన. గురువారం సాయంత్రం సంఘపెద్ద చూడ్డానికి వచ్చాడు. మందుల షాపు నడుపుతాడు, మనిషి మంచివాడే, ఎవరికే జబ్బొచ్చినా ఒక మాత్రతో పోతుందని నమ్మే రకం. మేస్త్రిని బాబాయ్ అని పిలుస్తాడు. సిలువ చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం గోక్కున్నాడు.

"ఆయన్ని దించేశానన్నావు. దిగినట్టు లేదే, బాబాయ్."

మేస్త్రి సంగతంతా వివరించాడు. లోతుగా తీయాలి, టైం పడుతుంది అన్నాడు. చెయ్యి రావడం లేదని మాత్రం అనలేదు. సంఘపెద్ద వంగి, కింద నుంచి తొంగి చూసి, నవ్వుతూ పైకి లేచాడు. వెనకవైపు శుభ్రంగా ఉంది కదా, దాన్ని ముందుకు తిప్పేస్తే సరిపోతుంది, గోడవైపు ఏముందో ఎవరు చూడొచ్చారు అన్నాడు. మేస్త్రికి గుండెల మీద బరువు దించినట్టయింది. ఇంత తేలికైన దారి తనకెందుకు తట్టలేదో అనుకున్నాడు. మనిషీ చెరగడు, సిలువా ఖాళీగానే ఉంటుంది. పామూ చావలేదు, కర్రా విరగలేదు.

శుక్రవారం సిలువను బోర్లించి, కింద మెత్తటి గుడ్డ పరిచి, వెనకవైపు పని చేశాడు. చేతికి ఊపొచ్చింది. చాన్నాళ్ళ తర్వాత కూనిరాగం కూడా తీశాడు. మధ్యాహ్నానికల్లా వెనకవైపు అద్దంలా తయారైంది. పూత ఆరుతుంటే చేతులు తుడుచుకుని, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని తన పనితనాన్ని తనే చూసుకున్నాడు.

సిలువ బోర్లా పడుకుని ఉంది. చేతులు చాపి, మొహం అటు తిప్పుకుని. ఇటువైపు కనిపిస్తున్నది ఒట్టి వీపు.

అతని కూనిరాగం ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు.

పాప పోయిన తర్వాత రాత్రులన్నీ అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. దిండు అంచు పళ్ళ మధ్య పెట్టుకుని, భుజాలు కదలకుండా ఊపిరి బిగపట్టి పడుకునేవాడు. తను ఏడుస్తున్నాడని తెలిస్తే ఆమె ఇంకా కుంగిపోతుందని అప్పట్లో అనుకున్నాడు. అనుకున్నానని ఇన్నాళ్ళూ నమ్మాడు. వెనక నుంచి ఆమె ఒకటి రెండుసార్లు నెమ్మదిగా పిలిచింది కూడా. నిద్రపోయినట్టు ఉండిపోయాడు. ఆమెకు కనిపించింది ఇదే. మచ్చలేని, నునుపైన వీపు. లోకంలో ఇంకెవరికీ నొప్పి లేదనుకుని, నొప్పిని దాచుకోనివాడొకడు ఉండే చోటును వెతుక్కుంటూ ఆమె చర్చికి వెళ్ళింది. తనవైపు తిరిగి ఉన్నవాడి దగ్గరికి వెళ్ళింది.

మా సిలువ ఖాళీ, మా సిలువ ఖాళీ అని అతను గొప్పలు పోయింది కూడా అంతేనేమో. మనిషి నొప్పిపడి వెళ్ళాక మిగిలిన ఖాళీ వేరు, నొప్పిని గోడకు తిప్పి పెట్టిన ఖాళీ వేరు. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పూత ఆరిందో లేదో చూడలేదు. లేచి, సిలువను రెండు చేతులా పట్టి, నడుం పట్టేసినా సరే, మళ్ళీ వెల్లకిలా తిప్పాడు. వెనక వేసిన పూతంతా బల్ల అంచులకు అంటుకుపోయింది. పోతే పోయింది. ముతక ఎమరీ కాగితం తీసుకుని పాదాల దగ్గర మొదలుపెట్టాడు. మిషన్ పెట్టలేదు, చేత్తోనే. ఆమె పెదవులు తగిలిన పాదాలు అక్కడ లేవు, వాటి వెనక ఉన్న చెక్క మాత్రం ఉంది. దాన్ని అరచేత్తో ఒకసారి తడిమి, తర్వాత రుద్దాడు. పాదాలు పోయాయి. మోకాళ్ళ దాకా వచ్చేసరికి అతని నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. షాపులో ఎవరూ లేరు. ఉన్నా ఆగేవాడు కాదేమో.

"నాకూ నొప్పేసిందే," అన్నాడు.

రుద్దుతూనే, పాప వేళ్ళు ఎలా ఉండేవో చెప్పాడు. తను ఎత్తుకున్నప్పుడు ఒకసారి ఆవలించిందని చెప్పాడు. ఆ సంగతి ఆమెకు కూడా తెలియదు, అప్పుడు ఆమె నిద్రపోతోంది. ఆ ఆవలింతను ఇన్నేళ్ళూ ఒక్కడే మోసుకుతిరిగాడు. నువ్వు పిలిచినప్పుడు నేను మేలుకునే ఉన్నానని కూడా చెప్పాడు. ఛాతీ, భుజాలు, చాచిన చేతులు, ఒక్కొక్కటే లేత పొడిగా రాలి అతని కాళ్ళ మీద పడ్డాయి. శనివారం పొద్దున వాలిన తల దగ్గర మాత్రం కాసేపు ఆగాడు. తర్వాత అదీ తీసేశాడు. చుట్టూ నల్లబడ్డ చెక్కను కూడా అదే లోతుకు దించాడు. పొద్దువాలేసరికి సిలువంతా ఒకే రంగులోకి వచ్చింది. చీపురు తీసుకుని నేల ఊడ్చి, ఆ పొడిని మామూలుగా చెత్త పోసే చోటే పోశాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ మేస్త్రి అడుగుపెట్టని ఆ గదిలో, ఆమె ఏ బల్ల మీద కూర్చునేదో తెలియక, సిలువ బాగా కనిపించే చోటు చూసుకుని కూర్చున్నాడు. పాట అయ్యాక పక్కనే ఉన్న సంఘపెద్ద అతని చెవి దగ్గరికి వంగాడు. తిప్పావా అని అడిగాడు. లేదు, తీసేశానన్నాడు మేస్త్రి.

సంఘపెద్ద ముచ్చటగా తలూపాడు. "భలే చేశావు, బాబాయ్. అక్కడ ఎప్పుడూ ఎవరూ లేనట్టే ఉంది."

"ఉన్నాడు," అన్నాడు మేస్త్రి. "లేకపోతే ఇంత పని పట్టేదా?"

జోకనుకుని సంఘపెద్ద నవ్వాడు. మేస్త్రి కూడా కొంచెం నవ్వి, చూపు తిప్పకుండా సిలువనే చూస్తూ కూర్చున్నాడు. మోకాళ్ళు ఎక్కడుండేవో, తల ఎటు వాలేదో, అక్కడున్నవాళ్ళలో అతనికొక్కడికే గుర్తుంది.

ప్రార్థన ముగిశాక బయటికొచ్చి, అలవాటు చొప్పున రాతి బల్ల మీద కూర్చున్నాడు. లోపలి నుంచి అందరూ వచ్చేశారు. తలుపులు వేశారు. అప్పుడు లేచి ఇంటికెళ్ళాడు. మధ్యాహ్నం కునుకు తీద్దామని మంచం మీద వాలి, గోడవైపు తిరగబోయి, ఆగి, ఇటు తిరిగాడు. ఇటువైపు ఎవరూ లేరు. కిటికీలోంచి ఎండ వచ్చి ఆమె దిండు మీద పడుతోంది. కళ్ళు మూసుకోకుండా, అటే చూస్తూ పడుకున్నాడు.